నార్మల్ శాంపిల్ ఇచ్చిన పెద్దమనిషి

ఉద్యోగంలో ఉన్నన్ని రోజులు, ఏం పని చేస్తవని ఎవరన్నా అడిగితే "ఫాస్ఫేట్ వెతుకుత" అని చెప్పేవాణ్ని. మా ఇబ్రహీంపట్నం దిక్కున ఫాస్ఫేట్ అంటే ఎరువు. అందుకే నేను రిటైరయ్యేదాకా మా చుట్టాల్లో సగం మంది నన్ను ఎరువుల డిపార్ట్‌మెంట్ మనిషినే అనుకున్నరు. వానకాలం వచ్చిందంటే ఒకరిద్దరు బస్తాల సంగతి కూడా కదిలిచ్చేవాళ్లు. నేను దిద్దలేదు. అసలు పని చెప్పి ఒప్పించుడు కష్టం, పైగా దానికి మర్యాద తక్కువ.

అసలు పని ఏందంటే, హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో టెక్నికల్ ఆఫీసర్‌ని. ఇప్పుడు కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి అనుభవాలు చెప్పమంటరు. గెలిచిన ప్రయోగాలు చెప్తనని వాళ్ల ఆశ. అవి అచ్చులో ఉన్నయి, చదువుకోవచ్చు. నేను చెప్పేది ఒక పాడైన ప్రయోగం గురించి. అది పాడు కావడమే మంచిదైందని అనను. పాడైంది, అంతే. దాని వెంట ఇంకోటి జరిగింది.

ముందు జర సైన్సు భరించాలె. కణంలో జన్యువు నుంచి ఆదేశం కాపీ రూపంలో వస్తది. ఆ కాపీని చదివి ప్రోటీన్ తయారు చేసే పనికి ట్రాన్స్‌లేషన్ అని పేరు. మెదడులోని నరకణాలకు కొమ్మలు చాలా పొడుగు. ప్రతి చిన్న పనికి నడుమ నుంచి ప్రోటీన్ మోసుకుపోతే ఆలస్యమైతది. అందుకని కాపీలనే కొమ్మల చివరలకు పంపి, కావాల్సిన చోట, కావాల్సినప్పుడు తయారు చేసుకుంటది. అక్కర లేనప్పుడు ఆపడానికి ఒక కాపలా ప్రోటీన్ ఉంటది. దానికి ఫాస్ఫేట్ ముక్క అతికి ఉన్నంతసేపు అది కాపీల మీద కూర్చుని పని జరగనియ్యదు. పక్క కణం నుంచి కబురు రాగానే ఆ ముక్క ఊడుతది, తయారీ మొదలైతది. కాసేపటికి ముక్క మళ్లీ అతుకుతది, తయారీ ఆగుతది. ఒక కొత్త మొహం మనకు గుర్తుండాలంటే లోపల ఇంత తీసుడు మూసుడు జరగాలె.

కొన్ని కుటుంబాల్లో కొందరు పిల్లలకు ఆ కాపలా ప్రోటీనే తయారు కాదు. ఫాస్ఫేట్ అతకడానికి చోటే లేదన్నమాట. తయారీ ఆగకుండా నడుస్తనే ఉంటది. పిల్లవాడికి మాట ఆలస్యం, చదువు అందదు, చప్పుడంటే భయం. ఫ్రాజైల్ ఎక్స్ అంటరు దాన్ని. బతికున్న మనిషి మెదడు కోసి చూడనియ్యరు కాబట్టి, రక్తంలోని తెల్లకణాల్లో ఇదే కథ కొంతన్న కనిపిస్తదేమో చూద్దామని మా సారు అనుకున్నరు. మా సారంటే ల్యాబ్ పెద్ద. మంచి మనిషి. మనుషుల కంటె బ్యాండ్లతో, అంటే ఫిల్ము మీద ప్రోటీన్లు గీసే నల్లగీతలతో, ఆయనకు చనువు ఎక్కువ.

మాతోని కలిసి పనిచేసేది ఒక పెద్ద సర్కారు దవాఖానలో జన్యు సమస్యలు చూసే డాక్టరమ్మ. ఆమె దగ్గరికి ఇబ్రహీంపట్నం నుంచి ఒక తల్లి పదేండ్లుంటయనిపించే కొడుకుని తీసుకొచ్చేది. వాడికి ఈ జబ్బేనని తేలింది. దవాఖాన చప్పుడుకు వాడు చెవులు మూసుకుని కింద కూర్చుంటుండె. రక్తం ఇంటికాడ తీసుకుంటె ఇస్తమని తల్లి అన్నది. మా ఊరి దిక్కు కాబట్టి, నాకు ఆ భాష వస్తది కాబట్టి నన్ను తోలిండ్రు. సైన్సుకు నా వల్ల అయిన ముఖ్యమైన సాయం అదే.

సాగర్ రోడ్డుకు రెండు దిక్కులా చేన్లు పోయి ప్లాట్ల హద్దురాళ్లు రంగులేసుకుని మొలుస్తున్న కాలం అది. ఆదిభట్ల దిక్కు కంపెనీ బస్సులు కొత్తగా తిరుగుతుండె. తెల్ల జీపు ఊర్లకు వచ్చిందంటే ప్లాట్ల బ్రోకరే. ఆ తల్లి కొడుకుతోని ఉంటున్న పుట్టినింటి ముందు మా జీపు ఆగేసరికి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి, ఆ పిల్లవాడి తాత, మేము దిగకముందే అన్నడు.

"అమ్మేది లేదు."

"కొనేది లేదు పటేలా," అన్న. "జర రక్తం గావాలె."

"గది అడిగినోడు గిప్పటిదాంక రాలే," అని జరిగి చోటిచ్చిండు.

పిల్లవాడు మేము రాంగనే చెయ్యి చాపిండు. మొహం మాత్రం గోడ దిక్కు తిప్పుకున్నడు. చెయ్యి మనకిస్తడు, చూపు ఇయ్యడు. ఈ పిల్లల్లో చాలామంది అట్లనే పలకరిస్తరని డాక్టరమ్మ చెప్పింది. "బస్సు పోయింది, బస్సు పోయింది" అని గబగబ అంటనే ఉన్నడు. ఆదిభట్ల బస్సు ఇంటి ముందునుంచే పోతదట. అది కనిపిస్తె వాడికి ఆ పూటంతా సంతోషం.

అమ్మమ్మ చాయ్ తెచ్చింది. మాకు నిండు కప్పులు, తన భర్తకు సగం కప్పు. ఆయన ఎత్తుకున్నప్పుడు కప్పు సాసర్ మీద టకటక కొట్టుకున్నది. సగం కప్పు చూసి నేను షుగర్ అనుకున్న. ఆ టకటక విని డాక్టరమ్మ వయసు అనుకున్నదట. ఇద్దరం చదువుకున్నవాళ్లమే.

రక్తం తీస్తుంటె పెద్దమనిషి తన వైపు కథ చెప్పిండు. ఆయన భార్యకు తమ్ముడు ఉన్నడు. పెద్దబిడ్డను ఆ తమ్ముని కొడుక్కే ఇచ్చిండ్రు. మేనరికం. తను వద్దన్నడు, భార్య పట్టుబట్టింది. పిల్లవాడు ఇట్ల పుట్టిండు. అంతకుముందు చూపించిన ప్రతి డాక్టరు మొదట అడిగింది "మేనరికమా?" అని. అవ్ అంటె తల ఊపి మందు రాసిచ్చిండు. అప్పటినుంచి ఈయన బామ్మర్ది గడప తొక్కలే. చావుకు పోలే, పెండ్లికి పోలే. ఇంట్ల భార్యతోని మాట్లాడుతనే ఉన్నడు గాని, ఏ మాట మొదలైనా తిరిగి తిరిగి అక్కడికే వస్తుండె.

"ఈమె పుట్టినింటి ముచ్చట సారూ," అన్నడు ఆమె ముందే. "ఈమె తెచ్చుకున్నది."

ఆమె కప్పులు ఎత్తుకుని లోపటికి పోయింది. ఎన్నోసారి విన్న మాటో, తిరిగి కూడా చూడలేదు.

ఈ జబ్బుకు మేనరికంతో సంబంధం లేదని, బయటి సంబంధం చేసినా వస్తదని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఆయన రేడియోలో వాతావరణం వార్త విన్నట్టు విన్నడు. ఈ పిల్లవాడికి తల్లి నుంచి వచ్చిందని కూడా ఆమె చెప్పింది. అది మాత్రం ఆయనకు బాగా వినపడ్డది. ఆయన లెక్కల, ఆ తల్లిని కన్నది బామ్మర్ది ఇంటి ఆడబిడ్డ, ఆమె అత్తగారిల్లూ ఆ ఇల్లే. ఎటు తిప్పినా బామ్మర్ది గడపే. రెండింటికీ సంబంధం లేని రక్తం అక్కడ ఒక్కటే, ఆయనది.

"అందుకే చిన్నదాన్ని బయటికిచ్చిన," అన్నడు. "తుర్కయాంజాల్ల ఫ్లాటు. అల్లుడు ఆదిభట్ల కంపెనీల. ఇప్పుడు నెల తప్పింది. గీసారి ఫికర్ లేదు."

ప్రయోగానికి పోలిక చూసుకోవడానికి జబ్బు లేనివాళ్ల రక్తం కూడా కావాలె. అమ్మమ్మ దగ్గర, తాత దగ్గర తీసుకున్నం. ఆయన ట్యూబు మీద నేనే చీటీ అంటించిన, "నార్మల్" అని.

తిరుగు ప్రయాణం గురించి కొంచెమే చెప్త. ఫాస్ఫేట్ నిమిషాల్లో ఊడే వస్తువు. ఐసు డబ్బాలో పెట్టుకుని తొందరగా ల్యాబుకు చేరాలె. ఎల్బీనగర్ అవతల దారంతా తవ్వి ఉన్నది. దానికి తోడు ఎవరో కొత్త వెంచర్ మొదలుపెడితే ఆ కార్లన్నీ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డయి. ఐసు నీళ్లైంది, నీళ్లు వెచ్చనైనయి. ఆ ట్రాఫిక్‌లో ఫాస్ఫేట్ కంటె గట్టిగా అతికినవి కూడా ఊడిపోతయి. ఫిల్ము మీద గీతలు రావాల్సిన చోట మబ్బు వచ్చింది. మా సారు దాన్ని లైటు ముందు పట్టుకుని చానాసేపు చూసిండ్రు. ఆఖరికి "మంచి రోడ్డు పడ్డంక మళ్లీ చేద్దాం" అన్నరు. ఆయన చేసిన జోకుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

డీఎన్ఏ మాత్రం మొండిది. వెచ్చనైనా, ఆలస్యమైనా చెక్కు చెదరదు. మిగిలింది అదే కదా అని జన్యువు పొడుగు కొలిచినం. ఆ జన్యువులో ఒకచోట ఒకే అక్షరాల ముక్క నత్తి పడ్డట్టు మళ్లీ మళ్లీ వస్తది. అందరికీ కొంచెం ఉంటది. మరీ పొడుగైతే జన్యువు మూతపడి, కాపలా ప్రోటీన్ తయారు కాదు. పిల్లవాడికి అది తెలిసిందే. అమ్మమ్మది మామూలు పొడుగు. తాతది మామూలు కాదు, జబ్బంత పొడుగూ కాదు. నడుమ. నేను మళ్లీ చేసిన. మళ్లీ అదే.

నడుమ పొడుగున్న మనిషికి తెలివికి ఏ లోటూ రాదు. అతను తన ఎక్స్ క్రోమోజోమును ఆడబిడ్డలందరికీ ఇస్తడు, కొడుకులకు ఇయ్యడు. బిడ్డ కడుపున పుట్టేవాళ్లకు చేరేటప్పుడు అది ఇంకా సాగవచ్చు. అట్లాంటి మగవాళ్లలో కొందరికి ముసలితనంలో చేతులు వణుకుతయి, నడక తూలుతది. ఇది చదివిన విషయమే. చదివిన విషయం సాసర్ మీద టకటకమంటె మేము చాయ్ బాగుందన్నం.

చిన్నబిడ్డ కూడా ఆయన బిడ్డే. ఆమెకూ వచ్చి తీరుతది. ఫికర్ లేదని బయటికి ఇచ్చిన బిడ్డ, ఇప్పుడు కడుపుతోని ఉన్నది.

ల్యాబులో ఆ రోజు గొంతులు లేవలేదు గాని గొడవే జరిగింది. మనం డాక్టర్లం కాదు, ఇది ప్రయోగం కోసం తీసిన రక్తం, రిపోర్టు ఇచ్చే అధికారం మనకు లేదు, ఆ శాంపిల్ అవుట్‌లయర్, అంటే లెక్కలో కలవనిది, అని పక్కకు పెట్టి వేరే నార్మల్ వెతకమని మా సారు అన్నరు. నియమం ప్రకారం అందులో చాలామట్టుకు సరైనదే. డాక్టరమ్మ కుర్చీలోంచి లేవకుండనే జవాబిచ్చింది.

"ఆయన అవుట్‌లయర్ కాదు సార్. కడుపుతోనున్న ఒకామెకు తండ్రి."

మా సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. తర్వాత మేము మళ్లీ ఆ ఊరికి పోయేందుకు జీపు చీటీ మీద సంతకం పెట్టిండ్రు. వేరే నార్మల్ కోసం నా రక్తం తీసుకున్నరు. నేను నార్మల్ అనేదాని మీద మా ఇంట్లో భిన్నాభిప్రాయాలు ఉన్నయి గాని, జన్యువు మటుకు ఒప్పుకున్నది.

ఒక అనుమానం ఉన్నది, తేలంగనే నేనే వచ్చి చెప్తనని డాక్టరమ్మ ఫోన్ చేసి, దవాఖాన తరఫున పెద్దమనిషి రక్తం మళ్లీ తీయించి పరీక్ష చేయించింది. అదే వచ్చింది. ఇంక ఆగడానికి లేదు. చిన్నబిడ్డకు నెలలు పెరిగినకొద్దీ ముందున్న దారులు తగ్గిపోతయి.

మేము పోయేసరికి ఆయన అరుగు మీదనే ఉన్నడు. ఇది మీ రిపోర్టు, మీకు ఒక్కరికే ముందు చెప్పాలె అని డాక్టరమ్మ అంటె, లేచి మమ్మల్ని ఇంటెనుక జామచెట్ల దిక్కు తీసుకపోయిండు. నడక కొంచెం పక్కకు పోతున్నది. ఈసారి మాకు కనిపించింది.

ఆమె చెప్పింది. మెల్లగ, ఏదీ దాచకుండ. ఆయనకు అర్థం కాకపోతే నన్ను చూస్తుండె. నేను పోలికకు మా చెరువును పట్టుకున్న.

"చెరువు కింద తూము తీసి మూసే నీరటి ఉంటుండె గద పటేలా. అసోంటోడు మెదడుల ఒకడుంటడు. పిల్లగాని తలల వాడు లేడు."

"నీరటి లేకుంటె పొలం ఎండుతది."

"తూము ఎప్పటికీ తెరిచే ఉంటె?"

ఆయన ఆలోచించిండు. "మునుగుతది."

"గదే."

"నీరటి ఎటువోయిండు?"

"వాణ్ని పెట్టే హుకుం చదవరాకుంట పొడుగైంది. మీ దగ్గర కొంచెమే పొడుగు, పని నడిచింది. బిడ్డ దాటి పిల్లగాని దగ్గరికొచ్చేసరికి మస్తు సాగింది."

ఆయన చేతుల దిక్కు చూసుకున్నడు. ఒక చెయ్యితోని ఇంకో చెయ్యి పట్టుకున్నడు. రెండూ వణికినయి.

"ఈమెది?" అన్నడు, ఇంటి దిక్కు తల ఊపి.

"ఆమెకు లేదు," అన్నది డాక్టరమ్మ. "ఆమె తమ్మునింటికీ దీనికీ సంబంధం లేదు."

తర్వాత ఆయన ఒక ప్రశ్న అడిగిండు. మామూలుగ, ఎకరం ధర అడిగినట్టు.

"చిన్నదానికి పరీక్ష జెయ్యాలె, గంతేగద. ఎటుదిక్కునుంచి వచ్చిందో చెప్పకుంట జెయ్యరాదా?"

"చెయ్యొచ్చు," అన్నది డాక్టరమ్మ. "పరీక్షకు ఆ సంగతి అక్కర లేదు. మీరు చెప్పమంటే తప్ప నేను ఎవరికీ చెప్పను."

"అడిగితె?"

"ఆయన రిపోర్టు ఆయన్నే అడగమంట."

ఆయన నా దిక్కు చూసిండు. నేను తల అడ్డంగ ఊపిన, చెప్పనన్నట్టు. దారి అంత సాఫుగ తెరిచి ఉన్నది. భార్య మోస్తున్న మాటను ఇంకొన్నేండ్లు మొయ్యనిస్తే చాలు. మొయ్యడం ఆమెకు అలవాటే, చూడ్డం అందరికీ అలవాటే. చిన్నబిడ్డకు పరీక్ష ఎట్లాగూ జరుగుతది. సైన్సు ప్రకారం ఎవరికీ నష్టం లేదు. మా నియమాలన్నీ ఆయన పక్షానే ఉన్నయి.

ఇంట్లకు వచ్చి కూర్చున్నం. పెద్దబిడ్డ కొడుకు పక్కన కూర్చుని వాడికి చొక్కా గుండీలు పెడుతున్నది. అమ్మమ్మ చాయ్ తెచ్చింది. మాకు నిండుగ, ఆయనకు సగం. ఆయన కప్పు తీసుకున్నడు, తాగలేదు. టకటక మొదలైంది.

"ఏమే," అన్నడు. "అది నీది గాదట. నాదట."

ఆమెకు అర్థం కాలేదు. డాక్టరమ్మను చూసింది. డాక్టరమ్మ ఆయన దిక్కు చూసింది. ఆయనే మళ్లీ చెప్పిండు.

"పిల్లగానిది. మీ పుట్టినిల్లుది గాదు. నా రక్తంలకెల్లి పోయింది. పెద్దదానికి పోయింది, చిన్నదానికీ పోయింది."

పెద్దబిడ్డ చేతులు గుండీ మీద ఆగినయి. ఆమె తండ్రిని చూడలేదు, తల్లిని చూసింది. నేను ఎన్నో రకాల మాటలకు సిద్ధపడి కూర్చున్న. ఏండ్ల తరబడి ఒక మనిషిని అన్న మాట అది. తిరిగి అనడానికి ఆమెకు హక్కున్నది, సాక్షులుగ మేమున్నం.

ఆమె దగ్గరికొచ్చి ఆయన చేతిలోని సాసర్ పట్టుకున్నది.

"మొదలు గిది కింద వెట్టు. ఒలుకుతున్నది," అన్నది. కప్పు తీసి పక్కకు పెట్టి, "చిన్నదానికి ఎవరు జెప్తరు?"

"నేనే జెప్త," అన్నడు.

ఫోన్ మీద వద్దు, ఎదురుంగనే చెప్పాలన్నడు. మా జీపులోనే అందరం తుర్కయాంజాల్ పోయినం. పిల్లవాడు ముందు సీటు అడిగిండు, నేను వెనకకు జరిగిన. దారిలో ఆదిభట్ల బస్సు ఎదురొచ్చింది. దాన్ని చూసి వాడొక్కడే చప్పట్లు కొట్టిండు. అమ్మమ్మ కూడా కొంచెం నవ్వింది.

ఫ్లాటులో ఆయన చిన్నబిడ్డ ముందు కూర్చుని, ఇంటికాడ చెప్పిన మాటలే చెప్పిండు, నా నీరటి పోలికతో సహా. నేను చెప్పినదానికంటె బాగ చెప్పిండు. మిగతాది డాక్టరమ్మ చెప్పింది. కడుపులో ఉన్న బిడ్డకు వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు, పరీక్షతో తెలుస్తది, తెలిసినంక ఏం చేయాలన్నది భార్యాభర్తలది. చిన్నబిడ్డ ఏడవలేదు. అక్కను చూసింది.

"అక్కా, నువ్వైతె ఏం జేద్దువు?"

పెద్దబిడ్డ కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఉన్నది. వాడు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నడు.

"వీడు పుట్టకముందు అడిగితె ఏదో ఒకటి జెప్దును," అన్నది. "ఇప్పుడు వీని ముంగట అడుగుతున్నవ్. నాకు తెల్వదు చెల్లె."

నా సర్వీసు మొత్తంలో సెమినార్లు చాలా విన్న. ఈ జబ్బు గురించి ఆ మాట కంటె నిజమైన మాట ఏ సెమినార్‌లోనూ వినలేదు.

పరీక్ష జరిగింది. రిపోర్టు వచ్చేదాకా నాకు ల్యాబులో ఏ గీతా సరిగ్గ కనబడలేదు. వచ్చినంక డాక్టరమ్మ నాకు ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కొన్ని నెలలకు పెద్దమనిషే ఫోన్ చేసిండు. చిన్నదాని బిడ్డకు అది రాలేదట, పాపాయిని తొట్టెలేసే పండుగ చేస్తున్నం రమ్మన్నడు. ఆ సంతోషం పెద్దబిడ్డ ముందు ఎంత గొంతుతోని చెప్పుకోవాల్నో ఆ ఇంట్ల అందరూ నేర్చుకున్నట్టున్నరు. ఫోన్‌లో ఆయన గొంతు కూడా మెల్లగనే ఉన్నది.

మా ప్రయోగం తర్వాత మళ్లీ చేసినం, రక్తం తీసినకాడే పని మొదలుపెట్టేటట్టు డబ్బాలన్నీ మోసుకపోయి. గీతలు వచ్చినయి. అందులో నార్మల్ గీత నాది. పైకి చెప్పుకోను గాని, చూడముచ్చటగ ఉంటది.

తొట్టెలకు పోయిన. పిల్లవాడు నాకు చెయ్యి ఇచ్చి, మొహం తొట్టె దిక్కు తిప్పుకున్నడు. అంతకుముందు గోడ దిక్కు తిప్పేవాడు. పెద్దమనిషి ఒక మూలకు కుర్చీలో ఉన్నడు. పక్క కుర్చీలో ఇంకో ముసలాయన. మొహం చూస్తె అమ్మమ్మ తమ్ముడని ఎవరూ చెప్పకుండనే తెలుస్తది. బావను పిలవడానికి పోయింది బామ్మర్ది కాదట, బామ్మర్ది గడపకు ఈయనే పోయిండట. ఏం మాట్లాడుకున్నరో నాకు తెలియదు.

అమ్మమ్మ చాయ్ తెచ్చింది. ఈసారి ఆయనకు కూడా నిండు కప్పే పోసింది. నేను భయపడ్డ. ఆయన కప్పు ఎత్తిండు, టకటకమన్నది. పక్కనున్న బామ్మర్ది ఎవరితోనో మాట్లాడుతనే, ఇటు చూడకుండ, చెయ్యి చాపి సాసర్ కింద పట్టుకున్నడు.